మేకలు ముట్టని మొక్కలు

కాలనీ వెనక కాలువ గట్టు మీద మేం మొదటిసారి నాటిన మొక్కలను ఏడు మేకలు పదకొండు రోజుల్లో తినేశాయి. ఆ ఏడింటిలో ఒకటి పిల్ల. అది ఎక్కువ తినలేకపోయింది గానీ తొక్కడంలో తన వంతు తాను చేసింది.

సిద్దిపేట ఊరి చివర, కొండపాక వైపు పోయే దారిలో నాకూ మా ఆయనకూ ఒక చిన్న నర్సరీ ఉంది. గులాబీలు, మందారాలు, క్రోటన్లు, కుండీల్లో పెట్టుకునే రంగురంగుల ఆకుల మొక్కలు అమ్ముతాం. మట్టి కలపడం, సంచులు నింపడం, మొక్కలను ఇళ్లకు చేర్చడం ఆయన పని. కొమ్మలు కత్తిరించి నాటి కొత్త మొక్కలు చేయడం నా పని. గులాబీ కటింగ్ నా చేతిలో పడితే నూటికి తొంభై బతుకుతాయని మా ఆయన వచ్చిన ప్రతి మనిషికీ చెబుతాడు. అందులో కొంత అమ్మకపు మాట ఉంది. అయినా వినీ వినీ నేను కూడా నమ్మేశాను.

ఆ కాలనీ కొత్తది. ఇళ్లు కట్టేటప్పుడు జేసీబీ పెట్టి గట్టు మీది పొదలన్నీ తీసేశారు. గట్టు శుభ్రంగా, బోడిగా తయారైంది. ఆ తర్వాత వచ్చిన వానాకాలంలోనే మట్టి జారి కాలువలో పడటం మొదలైంది. కాలువ పూడుకుపోయి, నీళ్లు చివరి వరస ఇళ్ల ముందుకు వచ్చేవి. కాలనీ కమిటీ అధ్యక్షుడు బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఒకరోజు స్కూటర్ మీద మా నర్సరీకి వచ్చాడు.

"మేడమ్, గట్టంత పచ్చగ కావాలె. మట్టి జారొద్దు. చూసెతందుకు గూడ మంచిగుండాలె. ఏం వెడ్తరో మీ ఇష్టం" అన్నాడు.

నా ఇష్టం అంటే నా దగ్గర ఉన్నవే. మందారం, కాగితపు పూలు, పసుపు గంటల పూల చెట్లు. అన్నీ నేను చేసిన మొక్కలే. నాటిన రోజు గట్టు పెళ్లి పందిరిలా ఉంది. కాలనీవాళ్లు ఫోన్లు తీసి ఫొటోలు దిగారు. పదకొండు రోజుల తర్వాత వెళ్లి చూస్తే బారెడు బారెడు దూరంలో పుల్లలు నిలబడి ఉన్నాయి.

రెండోసారి చుట్టూ వల కట్టి నాటాం. మేకలు ముందు వలను తిన్నాయో, వలలోంచి మొక్కలను తిన్నాయో తెలియదు గానీ ఈసారి రెండూ పోయాయి.

ఇక ఊరుకోలేక, కొరికిన మందారం కొమ్మ ఒకటి చేతిలో పట్టుకుని మేకలవాళ్ల ఇంటికి బయల్దేరాను. నేను ఏమైనా గట్టిగా మాట్లాడితే సర్దడానికి మా ఆయన వెంట వచ్చాడు. కాలువకు అవతలి వైపు పాత ఇళ్ల వరస ఉంది. అందులో మూడో ఇల్లు. అరవై దాటిన ముస్లిం మనిషి గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. ఆ వరసలో అందరూ ఆమెను ఖాలా, అంటే పిన్నీ, అని పిలుస్తారు. కొడుకు ఆటో నడుపుతాడు. మేకలు మాత్రం ఆమెవే.

"ఇది మీ మేకల పనే" అని కొమ్మ ముందు పెట్టాను.

ఆమె కొమ్మను కళ్లకు దగ్గరగా పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అవ్ బిడ్డా. గీ కొరుకుడు మా నల్లదానిదే" అంది.

కాదని బుకాయిస్తే ఏం అనాలో దారిలో అంతా అనుకుంటూ వచ్చాను. ఒప్పుకుంటే ఏం అనాలో అనుకోలేదు.

"మరి కట్టేసుకోరాదా?" అన్నాను.

"కట్టేస్తే తిండెట్ల? గా గట్టు మీద మేకలు మేసుడు నా పెండ్లినాటి సంది ఉన్నది. మీరు మొన్న వచ్చి మందారం వెట్టిన్రు. మేక ముంగట మందారం వెట్టుడంటే, పండుగనాడు నా ముంగట బిర్యానీ వెట్టి ముట్టకు అన్నట్టే."

"అవి కాలనీ మొక్కలు."

"పేరు రాసినవా వాటి మీద? రాసినా నా మేకలకు సదువు రాదు."

వెనక మా ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మాత్రం లేచి లోపలికి వెళ్లి రెండు గ్లాసుల నీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను తాగుతుంటే అడిగింది.

"గా గట్టు మీద ముందుగాల ఏముండెనో నీకెర్కనా?"

"ఏముండె?"

"కింద అడ్డసరం, నడుమల వాయిలి, పైన తంగేడు. గంత దట్టంగ ఉండె, మనిషి పోవాల్నంటే చేతులతోని తొలగించుకుంట పోవాలె. ఎంత వాన గొట్టినా ఒక్కనాడు మట్టి జారలే. నా మేకలు వాటి పక్కపొంటి గడ్డి మేసి ఇంటికొచ్చేటియి. ఒక్క ఆకు ముట్టకపోయేటియి."

వెడల్పాటి చేదు ఆకులు, తెల్ల పూలు ఉండే అడ్డసరం, దగ్గుకు కషాయం పెట్టే చెట్టు. చెయ్యి చాచినట్టు అయిదు ఆకుల వావిలి, ఇక్కడివాళ్ల నోట్లో వాయిలి. చిన్నప్పటి నుంచీ చూస్తున్నవే. కానీ ఇన్నేళ్లు నర్సరీ నడిపిన నాకు అవి మొక్కల కింద లెక్కే కాదు. పొదలు. కొనేవాడు లేడు, కాబట్టి పెంచేవాళ్లమూ లేము. బండి మీద తిరిగి వస్తూ మా ఆయన అన్నాడు: "ఆమె చెప్పింది నిజమో కాదో మేకలనే అడుగుదాం."

నేను ఇంకా కోపంగానే ఉన్నాను. అయినా ఆ మాట బాగుంది.

చిన్నకోడూరు దగ్గర మా ఆయన మేనమామ పొలం గట్ల మీద ఈ మూడూ ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే వెళ్లి ఒక్కోదాన్నీ ఒక్కో కట్ట కోసుకొచ్చాం. పక్కన మందారం కట్ట ఒకటి కూడా పెట్టాం. పరీక్ష ఖాలా వాకిట్లో. కమిటీ అధ్యక్షుడు కూడా వచ్చాడు. ఆయన చేతిలో కాలనీ మీటింగ్ నోటీసు ఉంది. నాలుగు కట్టలు నాలుగు చోట్ల వేసి, ఖాలా మేకల తాడు విప్పింది.

మందారం రెండు నిమిషాలు కూడా ఉండలేదు. నల్లమేక అడ్డసరం దగ్గరికి వెళ్లి వాసన చూసింది. ఫట్‌మని తుమ్మి, మొహం తిప్పుకుంది. వావిలి దగ్గర పిల్ల మేక ఒక ఆకు నోట్లో పెట్టుకుని రెండుసార్లు నమిలి వదిలేసింది. తంగేడు పూలు నాలుగు తిన్నాయి, ఆకుల జోలికి పోలేదు. మేమంతా ఆ కట్టల మీదే కళ్లు పెట్టుకుని ఉండగా నల్లమేక వెనక నుంచి వచ్చి అధ్యక్షుడి చేతిలోని నోటీసును లాక్కుని, ఆయన గట్టిగా "ఏయ్" అనేలోపే సగం మింగేసింది.

ఖాలా తల మీది కొంగు సర్దుకుంటూ, "సార్, గట్టు మీద కాయిదాలు మాత్రం నాటకుర్రి" అంది.

ఆయన కూడా నవ్వాడు. అక్కడే నిలబడి ఒప్పుకున్నాడు. గట్టు మొత్తానికి అడ్డసరం, వావిలి, పైన తంగేడు. ఆరు వందల మొక్కలు కావాలి. ఏ నర్సరీకి ఫోన్ చేసినా అవతలివాళ్లు ముందు నవ్వి, తర్వాత లేవన్నారు. అంటే నేనే చేయాలి.

అప్పుడు ఎండలు ముదిరి ఉన్నాయి. నేను ఆగలేదు. మూడు వందల కొమ్మలు తెచ్చాను. చూడటానికి నిగనిగలాడే లేత చివర్లు ఏరి మరీ కోశాను. మంచి ఎరువు కలిపిన మట్టిలో, ఆకుపచ్చ నీడవల కింద, రోజుకు మూడుసార్లు నీళ్లు చల్లుతూ గులాబీలకన్నా ఎక్కువగా చూసుకున్నాను. ఎనిమిదో రోజు మొదళ్లు నల్లబడ్డాయి. పదో రోజుకు కుళ్లు వాసన వచ్చింది. పదిహేనో రోజున లెక్క చూస్తే ఇరవై కూడా లేవు.

"నూటికి తొంభై అని నేను ఇంక ఎవలకు చెప్ప" అన్నాడు మా ఆయన.

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఎవరూ నీళ్లు పోయకుండా, ఎవరూ నాటకుండా ఊరంతా పెరిగిన పొద నా చేతిలో చచ్చిపోవడం సిగ్గనిపించింది. అధ్యక్షుడు ఫోన్ చేస్తే "వస్తున్నయ్ సార్, వస్తున్నయ్" అని అబద్ధం చెప్పాను.

ఖాలా అటుగా పోతూ ఒకరోజు నర్సరీలోకి వచ్చింది. పిలవలేదు, తనే వచ్చింది. నీడవల ఎత్తి, నల్లబడిన పుల్ల ఒకటి పైకి లాగి చూసింది.

"గీటిని గింత ముద్దు చేసినవేంది బిడ్డా? గట్టు మీద గీటికి ఎవలన్న నీళ్లు చల్లిన్రా?" అంది.

"మరి ఎట్ల జెయ్యాలె ఖాలా?" అని అడిగాను. ఆమెను ఖాలా అని పిలవడం అదే మొదటిసారి. ఆమె ఆ పిలుపు గమనించిందో లేదో, వెంటనే చెప్పడం మొదలుపెట్టింది. పెళ్లయిన కొత్తలో అత్తగారింటి పెరటికి దడి కట్టింది తనేనట. కంచె కోసం గుచ్చిన వావిలి పుల్లలన్నీ వానలకు చిగుర్లు వేసి చెట్లయ్యాయట. "వాన పడనియ్యి. అప్పుడు పోదాం" అంది.

రెండు మంచి వానలు పడ్డాక ఆమె కొడుకు ఆటోలో చిన్నకోడూరు వెళ్లాం. పొలం గట్టు మీద ఆమె ముందు నడుస్తూ ఒక్కొక్క కొమ్మనూ వేళ్లతో వంచి వదిలి చూసేది. లేత చివర్లు నేను పట్టుకుంటే చేతి మీద కొట్టింది.

"లేతది మురుగుతది. మరీ ముదిరింది పలుకది. వంచితే వంగాలె, ఇడిస్తే లేవాలె. గసొంటిది కొయ్యి."

పెన్సిలంత లావు, జానెడు పొడుగు. కొయ్యడం నాకు వచ్చిన విద్యే. కణుపుకు కాస్త కింద ఏటవాలుగా, పైన అడ్డంగా తిన్నగా కోస్తాను. అలా అయితే ఏది తల, ఏది మొదలు అన్న గందరగోళం ఉండదు. రెండు ఆకులు మాత్రం ఉంచి, వాటినీ సగానికి కత్తిరించాను. ఎందుకని ఖాలా అడిగితే, ఆకు పెద్దదైతే వేరు రాకముందే కొమ్మలోని నీరంతా ఆకే తాగేస్తుందని చెప్పాను. "గిది నాకెర్క లేదు" అని ఒప్పుకుంది. నాకు కాస్త ఊపిరి వచ్చింది. ఆమె పై కోత మీద పేడ ముద్ద అద్దింది. ఎండకు ఆరిపోకుండా అట. అది నాకు తెలియదు. తడి గోనెసంచిలో కట్టలు చుట్టుకుని మధ్యాహ్నానికి నర్సరీకి చేరాం.

ఈసారి ఎర్రమట్టి, ఇసుక, చారెడు పాత ఎరువు, అంతే. సంచికి రెండు పుల్లలు, మూడింట రెండొంతులు లోపలికి. నీడవల తీసేసి వేపచెట్టు కింద పెట్టాం. మట్టి పొడిబారితేనే నీళ్లు.

అప్పుడు మొదలైంది నా అసలు కష్టం. వేరు వచ్చిందో లేదో తెలియదు. వారం తిరగకముందే ఒక పుల్ల మెల్లగా పైకి లాగి చూశాను. ఏమీ లేదు, మళ్లీ గుచ్చాను. మర్నాడు ఇంకొకటి. నాలుగో రోజు నేను పుల్ల పట్టుకుని ఉండగా ఖాలా చూసింది. తిడుతుందనుకున్నాను. వరసలోంచి ఒక సంచి తీసి నా చేతిలో పెట్టింది.

"గిది నీది. రోజుకు నాలుగుమాట్ల గుంజి చూస్కో. మిగిలినయి ముట్టకు" అంది.

ఆ సంచిని నిజంగానే కుర్చీ పక్కన పెట్టుకున్నాను. అందులోని రెండు పుల్లలూ రెండు వారాల్లో ఎండిపోయాయి. మిగిలినవి బతికాయి.

నెల దాటాక ఒక ఉదయం ఖాలా సరేనంటే ఒక అడ్డసరం సంచిని పక్క నుంచి చీల్చాను. మట్టి విడిపోయి, కోసిన చోటు చుట్టూ తెల్లటి వేర్లు సేమ్యాల్లా వేలాడాయి. పాతికేళ్లుగా కొమ్మలకు వేర్లు పుట్టిస్తున్నదాన్ని, మొదటిసారి చూసినట్టు కేక పెట్టాను. మా ఆయన ఏమైందోనని చేతిలో పార పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. ఖాలా ఆ సంచిని నా చేతిలోంచి తీసుకుని, "సంబురం తర్వాత చేద్దువు గాని, ముందు దీన్ని మట్టిల వెట్టు" అంది.

తంగేడు మాత్రం లొంగలేదు. కాలనీ ఆడవాళ్లందరికీ తంగేడే కావాలి, బతుకమ్మకు కాలనీ వెనకే పూలు దొరుకుతాయని. రెండు విడతలు పుల్లలు నాటాను, ఒక్కటీ వేరు వెయ్యలేదు. "తంగేడు పుల్లకు రాదు, గింజకే వస్తది" అని ఖాలా మొదటే చెప్పింది. పంతం కొద్దీ నేనే వినలేదు. చివరికి ఎండిన కాయలు తెచ్చి, గింజలను వేడినీళ్లలో నానబెట్టి వేస్తే హాయిగా మొలిచాయి. ఈ ఏడాది పూయవని చెబితే ఒకావిడ, "నర్సరోళ్లు గదా, జల్ది పూసే మందు లేదా?" అని అడిగింది.

ముసురు పట్టిన ఒక ఆదివారం గట్టు మీద నాటాం. కాలనీ నుంచి దాదాపు అన్ని ఇళ్లవాళ్లూ వచ్చారు. కొత్తగా ఇల్లు కట్టుకున్న ఒకాయన మాత్రం గొడుగు కింద నిలబడి గొణిగాడు.

"గింత మంచిగ ఇల్లు కట్టుకుంటే ముంగట పిచ్చి మొక్కలు వెడ్తున్రు."

ఆ పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్న వాళ్లమ్మ ఒక వావిలి ఆకు తుంచి, అరచేతిలో నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత కొడుకును దగ్గరికి రమ్మంది.

"నిన్ను కన్నప్పుడు నాకు గీ ఆకు మసలవెట్టిన నీళ్లతోనే తానం చేయించిన్రు. నీకు గూడ పోసిన్రు. పిచ్చి మొక్కంటవారా?"

ఆయన గొడుగు ముడిచి పక్కన పెట్టి పార అందుకున్నాడు. ఆ రోజు అందరికన్నా ఎక్కువ గుంటలు ఆయనే తీశాడు. మర్నాడు నడుం పట్టేసిందని విన్నాను.

మేకలు రోజూ వచ్చాయి. మొక్కల మధ్య గడ్డి మేసి వెళ్లిపోయాయి. దాంతో కలుపు తీసే పని కూడా తప్పింది. అంతా బాగుందనుకుంటున్న సమయంలో అధ్యక్షుడు మళ్లీ స్కూటర్ మీద వచ్చాడు, మొహం వేలాడేసుకుని.

"మేడమ్, మేకలు ముడ్తలేవు. మనుషులే తెంపుతున్నరు."

వానాకాలం దగ్గులు, జలుబులు మొదలయ్యాయి. అడ్డసరం ఉందని తెలిసి కాలనీవాళ్లే కాదు, పక్క వాడల నుంచి కూడా సంచులు పట్టుకుని వస్తున్నారు. కీళ్లనొప్పులవాళ్లు వావిలి కోస్తున్నారు. నాటి రెండు నెలలు కాలేదు, కొన్ని మొక్కలకు ఆకే లేదు.

"మనుషులు గూడ ముట్టని మొక్క ఏదన్న ఉన్నదా?" అని నిజంగానే అడిగాడు.

నాకు నవ్వు ఆగలేదు. ఖాలా అప్పటికి రోజూ పొద్దున మా నర్సరీలోనే ఉంటోంది. ఆమె నవ్వలేదు.

"సార్, మొక్కను కావలి గాయొద్దు, మనిషికి ఒక మొక్క ఇయ్యాలె. ఇంటికొకటి ఇద్దాం. వాకిట్ల ఉన్నోడు గట్టు మీదికి ఎందుకొస్తడు? ఏడాది దాటినంక గట్టు మీద గూడ తెంపుకోనియ్యి. చిగుర్లు తెంపితే గుబురైతది, వేరు గుంజకుంటె సాలు."

ఇంటికో అడ్డసరం, అడిగినవాళ్లకు వావిలి. దానికోసం మళ్లీ చిన్నకోడూరు, మళ్లీ తడి గోనెసంచి. ఈసారి అధ్యక్షుడు కూడా ఆటోలో వచ్చాడు. పొలం గట్టు మీద కొమ్మలు వంచి వదిలి చూస్తూ, ఖాలా తల ఊపితేనే కోశాడు. జేబులో పెన్నులకు పేడ అంటుకున్నా పట్టించుకోలేదు.

ఆ మరుసటి వానాకాలంలో మూడు రోజులు ఎడతెగని వాన పట్టింది. నాలుగో రోజు పొద్దున తెరిపి ఇవ్వగానే అందరం గట్టుకు పరుగెత్తాం. గట్టు చాలావరకు నిలబడింది. వేర్లు పట్టుకున్న చోట మట్టి నల్లగా, తడిగా, కదలకుండా ఉంది. వంపు దగ్గర మాత్రం ఒక ముక్క జారి, మా మొక్కలు పది పన్నెండింటిని వెంటబెట్టుకుని కాలువలో పడింది. అక్కడ తంగేడు చాలా చిన్నది, కింద అడ్డసరం పలచగా నాటాం. తప్పు నాదే. నాకు ప్రాణం ఉసూరుమంది.

ఖాలా చెప్పులు విప్పి, జాగ్రత్తగా కిందికి దిగింది. వద్దు వద్దంటున్నా వినలేదు. బురదలోంచి వేర్లతో సహా పెకిలిన అడ్డసరాలను ఒక్కొక్కటే లాగి పైకి అందించింది.

"బాధెందుకు బిడ్డా? గియన్ని పుల్లలే గదా. కత్తెర తెచ్చినవా?"

కత్తెర నా సంచిలోనే ఉంది. గట్టు మీదే కూర్చుని కోశాం. పడిపోయిన మొక్కలనుంచి ఎనభై పుల్లలు వచ్చాయి. ఆ వంపు నిండా దగ్గర దగ్గరగా గుచ్చాం. వాటిలో ఎక్కువ భాగం బతికాయి. ఇప్పుడు అన్నిటికన్నా గుబురుగా ఉన్నది ఆ వంపే.

ఈ మధ్య కొండపాక దగ్గర ఒక ఆడపిల్లల బడి నుంచి ఫోన్ వచ్చింది. బడి గోడ వెంబడి ఇలాంటి మొక్కలే పెట్టాలట, ఎలా చేయాలో పిల్లలకు చూపించమన్నారు. ఖాలా రానంది. నేను బతిమాలితే కొత్త చీర కట్టుకుని వచ్చింది. బడిలో టీచరమ్మ ఎదురొచ్చి, "రండి మేడమ్" అని ఆమెను పిలిచింది. ఖాలా పక్కకు జరిగి నాకు దారి ఇచ్చింది.

"నిన్నే ఖాలా" అన్నాను.

"నేనెప్పుడు మేడమైన?" అంది గానీ ముందుకు నడిచింది.

గంట సేపు చెప్పింది. నేను కట్టలు విప్పి అందివ్వడం తప్ప ఏమీ చేయలేదు. పిల్లలు కొమ్మలు వంచారు, వదిలారు, కోశారు, పేడ ముట్టడానికి మొదట వెనకాడి తర్వాత ఒకరి మొహానికి ఒకరు పూసుకున్నారు. తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని కొత్త చీర మీది పేడ మరకను గోటితో గీకుతోంది.

"ఎనక వరుసల రెండు జడల పిల్లను చూసినవా?" అంది ఉన్నట్టుండి.

"చూసిన. ఏం?"

"నీకన్న మంచిగ కోసింది."

నిజమే. నేనూ చూశాను. కోత ఒక్క దెబ్బకు, నార లేవకుండా పడింది. వచ్చే వానాకాలం ఆ పిల్లలందరినీ చిన్నకోడూరు పొలం గట్టుకు తీసుకుపోవాలని, సిద్దిపేట వచ్చేలోపు మేమిద్దరం బస్సులోనే తేల్చేసుకున్నాం.